టైరు మీది అంకెలతో దాని వ్యాసం లెక్కకట్టడం ఎలా?

పానగల్లు (నల్లగొండ)

సభ్యులందరికీ నమస్కారం. ఈ మధ్య నేను వాడిన స్విఫ్ట్ కారు ఒకటి కొన్నాను. కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల ఇనుప రిమ్ములు తీసేసి, మునుపటి యజమాని 15 అంగుళాల అల్లాయ్ రిమ్ములు వేయించుకున్నారు. వాటి మీద ఇప్పుడున్న టైర్లు 195/65 ఆర్15 91హెచ్. డిక్కీలోని స్టెప్నీ మాత్రం కంపెనీదే, 165/80 ఆర్14. డ్రైవరు వైపు తలుపు తీస్తే స్తంభం మీద అతికించి ఉన్న స్టిక్కరులోనూ 165/80 ఆర్14 అనే ఉంది.

టైర్లు నాలుగూ అరిగిపోవచ్చాయి కాబట్టి కొత్తవి కొనాలి. ఒక దుకాణంలో అడిగితే, 195/65 కూడా 165/80 కూడా నిలబెడితే ఒకటే ఎత్తని, కాబట్టి ఉన్న సైజే మళ్లీ వేయించుకోవచ్చని చెప్పారు. మరొక దుకాణంలో అడిగితే, తేడా ఉందని, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల రాసుకుంటుందని అన్నారు. ఎవరి మాట నమ్మాలన్నది కాదు, ఆ లెక్క నేనే వేసుకోగలగాలన్నది నా కోరిక. టైరు మీదున్న అంకెల నుంచి దాని పూర్తి వ్యాసం ఎలా వస్తుందో, ఏ అంకె ఏ కొలతో, పెద్దలు దయచేసి మొదటి నుంచి వివరించగలరు.

పాలమూరు లెక్కలు (మహబూబ్‌నగర్)

పానగల్లు గారూ, లెక్క ఏడో తరగతి పిల్లలు చేయగలిగినంత సులువే. అయితే అందులో ఒక శాతం ఉంది, ఆ శాతం దేనిలో శాతమో తెలియక చాలామంది తప్పు జవాబు తెచ్చుకుంటారు. అందుకే ముందుగా స్టిక్కరు మీదున్న 165/80 ఆర్14 తీసుకుని, ఒక్కొక్క అంకెను విడదీసి చూద్దాం.

మొదటి అంకె 165 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఇది రోడ్డుకు ఆనే భాగం వెడల్పు కాదు. గాలి నింపిన టైరును ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ గోడ ఉబ్బు నుంచి కుడి గోడ ఉబ్బు వరకు ఉండే దూరం. గీత తరువాతి 80 మిల్లీమీటర్లు కాదు, శాతం. టైరు గోడ ఎత్తు, అంటే రిమ్ము అంచు దగ్గర మొదలై రోడ్డుకు తగిలే అంచు దాకా ఉండే రబ్బరు ఎత్తు, ఆ టైరు వెడల్పులో ఎన్నో వంతో ఈ అంకె చెబుతుంది. చివరి 14 రిమ్ము వ్యాసం, అంగుళాలలో.

165లో 80 శాతం 132. కాబట్టి గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. వ్యాసం కొలిచేటప్పుడు ఈ గోడ రెండుసార్లు వస్తుంది. రిమ్ముకు పైన ఒకటి, కింద ఒకటి. రెండూ కలిస్తే 264. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కనుక 14 అంగుళాల రిమ్ము 355.6 మిల్లీమీటర్లు. 264కు 355.6 కలిపితే 619.6. అదే మీ కంపెనీ టైరు వ్యాసం, సుమారు 62 సెంటీమీటర్లు.

ఇప్పుడు మీ కారుకు ఉన్న 195/65 ఆర్15 చూడండి. 195లో 65 శాతం 126.75, దానికి రెట్టింపు 253.5. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. మొత్తం 634.5. కంపెనీ టైరు కంటే 14.9 మిల్లీమీటర్లు ఎక్కువ, శాతంలో 2.4. కాబట్టి రెండూ ఒకటే ఎత్తన్న మాట నిజం కాదు.

సూత్రంగా రాసుకోవాలంటే ఇలా రాసుకోవచ్చు:

వ్యాసం (మి.మీ.) = రిమ్ము అంగుళాలు × 25.4 + 2 × వెడల్పు × శాతం ÷ 100

నోటితో చేయడానికి ఒక సదుపాయం ఉంది. గోడను రెండుసార్లు కలపడం ఎలాగూ తప్పదు కాబట్టి, శాతాన్ని ముందే రెట్టింపు చేసుకుని వెడల్పును దానితో హెచ్చవేయండి. 80 ఉంటే 1.6తో, 65 ఉంటే 1.3తో, 60 ఉంటే 1.2తో. వచ్చినదానికి రిమ్ము కలిపితే చాలు.

జడ్చర్ల చౌరస్తా (జడ్చర్ల)

సార్, నాదొక సందేహం. నేను ఇన్నేళ్లుగా బండి నడుపుతున్నాను. ఆర్15 అంటే వ్యాసార్ధం 15 అంగుళాలని మా స్టాండులో అందరూ అంటారు. అలాగైతే రిమ్ము వ్యాసం 30 అంగుళాలు కావాలి కదా? మీ లెక్కలో దాన్ని రెట్టింపు చేయలేదు ఎందుకని?

పాలమూరు లెక్కలు (మహబూబ్‌నగర్)

జడ్చర్ల అన్నగారూ, 30 అంగుళాలంటే 76 సెంటీమీటర్లు. రిమ్మే అంత ఉంటే దాని మీద టైరు వేసిన తరువాత చక్రం దాదాపు మీ నడుము ఎత్తుకు వస్తుంది. ఆ ఆర్ అక్షరానికి కొలతతో సంబంధం లేదు. టైరు లోపలి దారాల పొరలు ఒక అంచు నుంచి మరొక అంచుకు అడ్డంగా, చక్రం ఆకుల మాదిరిగా పరిచి ఉన్న రేడియల్ టైరు అని అది తెలియజేస్తుంది. ఆ రకం టైరుకు మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకుంది. పొరలు ఏటవాలుగా ఒకదానికొకటి అడ్డంగా పరిచిన పాత పద్ధతి టైర్ల మీద ఆర్ ఉండదు, ఆ చోట అడ్డగీత గానీ డి అనే అక్షరం గానీ ఉంటుంది. అక్షరం ఏదైనా దాని తరువాతి అంకె రిమ్ము వ్యాసమే.

నార్కట్‌పల్లి బైపాస్ (నార్కట్‌పల్లి)

నేను టైర్ల పనిలోనే ఉన్నాను కనుక రెండు మాటలు చెబుతాను. లెక్కలు సార్ చెప్పిన దాంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే మా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది పడే పొరపాటు ఎక్కడ ఉందో చూపించడం అవసరం అనిపించింది.

స్విఫ్ట్‌లో కింది రకాలకు కంపెనీ 165/80 ఆర్14 ఇచ్చింది, పై రకాలకు 185/65 ఆర్15 ఇచ్చింది. రెండో దాని లెక్క వేయండి. 185ను 1.3తో హెచ్చిస్తే 240.5, దానికి 381 కలిపితే 621.5. మొదటి దానికీ దీనికీ తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. రిమ్ము అంగుళం పెరిగినా గోడ తగ్గించి మొత్తం ఎత్తును కంపెనీ అక్కడే నిలబెట్టింది. మార్పు చేసే పద్ధతి అదే.

ఆ తరువాత బండి యజమాని వచ్చి, "టైరు కొంచెం వెడల్పుగా ఉంటే బాగుంటుంది, పది మిల్లీమీటర్లే కదా, 65 అట్లాగే ఉంచండి, 15 అట్లాగే ఉంచండి, ఎత్తు మారదు" అంటాడు. ఎత్తు మారుతుంది. 65 అనేది వెడల్పులో శాతం కాబట్టి, వెడల్పు పది పెరిగిన మరుక్షణం గోడ ఆరున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, వ్యాసం పదమూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. పానగల్లు గారి బండికి జరిగింది కచ్చితంగా ఇదే. 185/65 వేయవలసిన చోట 195/65 వేశారు. వెడల్పు పెంచదలచుకుంటే శాతం తగ్గించాలి. 195/60 ఆర్15 వేసి ఉంటే 234కు 381 కలిపి 615 వచ్చేది, కంపెనీ కొలత కంటే ముప్పాతిక శాతం తక్కువ, ఇబ్బంది ఉండేది కాదు.

రాసుకుంటుందా లేదా అన్నది వ్యాసం ఒక్కదాని మీదే ఆధారపడదు. అల్లాయ్ రిమ్ము ఎంత బయటికి లేదా లోపలికి కూర్చుందన్నది కూడా చూడాలి. బండిలో నలుగురిని కూర్చోబెట్టి, స్టీరింగును ఒకసారి పూర్తిగా ఎడమకు, ఒకసారి పూర్తిగా కుడికి తిప్పి, ముందు చక్రాల వెనుక ఉండే ప్లాస్టిక్ మడ్డు కవరును టార్చి వేసి చూడండి. రాసుకున్న చోట ఆ నల్లటి ప్లాస్టిక్ మీద గరుకు పోయి, నున్నగా మెరుస్తున్న చంద్రవంక గీత కనిపిస్తుంది. అది ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పానగల్లు (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. కుడి పక్క కవరు మీద అటువంటి గీత ఉంది, ఎడమ పక్కన లేదు.

మరొక సందేహం. లెక్క ప్రకారం నా టైరు 634.5 రావాలి. పొద్దున ఎండ ఎక్కకముందే టేపు పట్టి నేల నుంచి టైరు పై అంచు వరకు కొలిచాను. సరిగ్గా 60 సెంటీమీటర్లు వచ్చింది. మూడున్నర సెంటీమీటర్లు ఎక్కడికి పోయినట్టు? గాలి స్టిక్కరు మీద రాసినంతే ఉంది.

పాలమూరు లెక్కలు (మహబూబ్‌నగర్)

మీరు చాలా మంచి పని చేశారు. లెక్క వేసిన ప్రతివారూ టేపుతో కూడా కొలవాలి. మీ మూడున్నర సెంటీమీటర్లు రెండు చోట్లకు పంచుకుని పోయాయి.

ఒకటి అరుగుదల. కారు టైరు కొత్తగా ఉన్నప్పుడు గాడుల లోతు సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. అరుగుతూ అరుగుతూ టైరు ఆ దిమ్మెలతో సమానమైతే మార్చవలసిందే. ఎనిమిది నుంచి 1.6 వరకు వస్తే ఒక పక్క 6.4 పోయినట్టు. పై పక్క, కింది పక్క రెండూ కలిపితే వ్యాసంలో 12.8 మిల్లీమీటర్లు పోయినట్టు. మీ టైర్లు మార్చే దశలో ఉన్నాయన్నారు కాబట్టి సుమారు ఒక సెంటీమీటరు ఇక్కడ తీసివేయవచ్చు.

రెండోది కారు బరువు. మిగతా రెండున్నర సెంటీమీటర్లు ఇక్కడ ఉన్నాయి. సూత్రంతో వచ్చే వ్యాసం గాలి నింపి, బరువు లేకుండా పక్కన నిలబెట్టిన కొత్త టైరుది. కారు కింద ఉన్న టైరు నేలకు ఆనిన చోట చదునుగా నొక్కుకుపోతుంది, ఆ మేరకు ఎత్తు తగ్గుతుంది. పై నుంచి కిందికి కాకుండా, చక్రం మధ్య బిందువు మీదుగా ముందు అంచు నుంచి వెనుక అంచు వరకు అడ్డంగా కొలవండి. బాడీ అడ్డం వస్తుంది కాబట్టి టైరు ముందొక పలక, వెనుకొక పలక నిటారుగా ఆనించి, వాటి మధ్య దూరం చూస్తే సరిపోతుంది. లెక్కలో వచ్చినదానికి చాలా దగ్గరగా వస్తుంది.

కృష్ణ ఒడ్డు (గద్వాల)

నేను పాలిటెక్నిక్ విద్యార్థినిని. గురువుగారి సమాధానం చదివాక ఒక ప్రశ్న వచ్చింది. కింద నొక్కుకుపోయిన టైరు ఒక చుట్టు తిరిగితే కారు ఎంత దూరం వెళుతుంది? 634.5ను పై (π, 3.1416)తో హెచ్చించాలా, లేక ఇరుసు నుంచి నేలకు ఉన్న తగ్గిన ఎత్తును వ్యాసార్ధంగా తీసుకుని లెక్కించాలా? రెండింటికీ జవాబులు బాగా దూరంగా వస్తున్నాయి.

పాలమూరు లెక్కలు (మహబూబ్‌నగర్)

అమ్మా, ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. జవాబు ఆ రెండింటిలో ఏదీ కాదు, మధ్యలో ఉంది, అయితే మొదటిదానికి దగ్గరగా ఉంది.

రేడియల్ టైరులో గాడుల రబ్బరు కింద ఉక్కు తీగల పట్టీ ఒకటి చుట్టూ బిగించి ఉంటుంది. ఆ పట్టీ దాదాపుగా సాగదు, కుంచించుకుపోదు. కింద టైరు చదునైనా పట్టీ చుట్టుకొలత పెద్దగా మారదు కాబట్టి, ఒక చుట్టుకు అది తన పొడవుకు దగ్గరగానే నేలను కొలుచుకుంటూ పోతుంది. అందుచేత ఇరుసు ఎత్తును వ్యాసార్ధంగా తీసుకుంటే దూరం మరీ తక్కువ వస్తుంది. అలాగని పూర్తి పై విలువ తీసుకుంటే కొంచెం ఎక్కువ వస్తుంది. రేడియల్ టైర్లకు వ్యాసాన్ని 3.1416తో కాకుండా 3.05తో హెచ్చవేయడం ఐరోపా టైరు ప్రమాణాలలో వాడుక. దాని ప్రకారం 619.6 మిల్లీమీటర్ల టైరు ఒక చుట్టుకు 1.89 మీటర్లు నడుస్తుంది, అంటే కిలోమీటరుకు సుమారు 529 చుట్లు. 634.5 మిల్లీమీటర్ల టైరు 1.935 మీటర్లు నడుస్తుంది, కిలోమీటరుకు సుమారు 517 చుట్లు.

దీన్ని ఇంటి ముందే సరిచూడవచ్చు. సిమెంటు రోడ్డు మీద బండి నిలిపి, టైరు నేలకు తగిలే చోట చాక్‌పీసుతో టైరు మీదా నేల మీదా ఒకే గీత గీయండి. బండిలో డ్రైవరును కూర్చోబెట్టి, వెనుక నుంచి ఇద్దరు మెల్లగా నెట్టి, గీత అయిదుసార్లు కిందికి వచ్చేదాకా తిన్నగా పోనివ్వండి. మొత్తం దూరాన్ని అయిదుతో భాగించండి. ఒకే చుట్టు కొలిస్తే గీత వెడల్పే తప్పును తెచ్చిపెడుతుంది.

డిండి దారి (దేవరకొండ)

ఆ పన్నెండు చుట్ల తేడాయే మీటరు మీద కనిపించేది. కారులోని మీటరు దూరాన్ని నేరుగా కొలవదు. చక్రమో గేరుబాక్సులోని ఇరుసో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కంపెనీ టైరు ఉందని నమ్మి, దాన్ని కిలోమీటర్లుగా మార్చి చూపిస్తుంది. టైరు పెద్దదైతే అదే దూరానికి తక్కువ చుట్లు తిరుగుతుంది, కాబట్టి మీటరు తక్కువ చూపిస్తుంది. పానగల్లు గారి మీటరు 10,000 కిలోమీటర్లు చూపించేసరికి, టైర్లు కొత్తవై ఉంటే, బండి నిజంగా నడిచేది 10,240.

దీనివల్ల ఒక అపోహ కూడా పుడుతుంది. పెద్ద టైర్లు వేశాక మైలేజీ పడిపోయిందని చెప్పేవారిలో కొంతమందికి నిజంగా పడిపోయిన దానికంటే, మీటరు తక్కువ చూపడం వల్ల పడిపోయినట్టు కనిపించేదే ఎక్కువ. ముందు దూరాన్ని 1.024తో హెచ్చవేసుకుని, ఆ తరువాత పెట్రోలుతో భాగించుకోవాలి.

ఓడోమీటరు (దూరం చూపే మీటరు) ఎంత తప్పుతుందో తెలుసుకోవడానికి నేను కిలోమీటరు రాళ్లనే నమ్ముతాను. అయితే రెండు రాళ్ల మధ్య కొలిస్తే సరిపోదు, కనీసం ఇరవై కిలోమీటర్లయినా ఆగకుండా పోవాలి. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక ఘాటు మలుపులు ఉంటాయి, అక్కడ వద్దు. నల్లగొండ నుంచి మిర్యాలగూడ వైపు గానీ, జడ్చర్ల నుంచి కొత్తకోట వైపు గానీ తిన్నటి రోడ్డు మీద చూసుకోవడం మంచిది.

జడ్చర్ల చౌరస్తా (జడ్చర్ల)

నా బండికి కంపెనీ సైజు టైర్లే ఉన్నాయి. అయినా మీటరు 100 చూపిస్తే ఫోనులో 95 మాత్రమే వస్తుంది. టైరు పెద్దదైతే మీటరు తక్కువ చూపిస్తుందంటున్నారు. మరి నాకు ఎక్కువ చూపిస్తోంది కదా. అంటే నా టైర్లు చిన్నవైపోయాయని అనుకోవాలా?

డిండి దారి (దేవరకొండ)

కొంత అరుగుదల ఉండవచ్చు, కానీ అందులో ఎక్కువ భాగం కంపెనీ కావాలని పెట్టినదే. ఐక్యరాజ్యసమితి వాహన నియమాలలో 39వది స్పీడోమీటరు గురించి. దాని ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపించకూడదు, ఎక్కువ చూపించవచ్చు. ఆ ఎక్కువకు హద్దు అసలు వేగంలో పదో వంతుకు నాలుగు కిలోమీటర్లు కలిపినంత. నిజంగా 80లో పోతున్న బండి మీటరు 80 నుంచి 92 వరకు ఏది చూపించినా నియమం లోపలే ఉన్నట్టు. అందుకే కంపెనీలు ముల్లును కొంచెం పైకే అమరుస్తాయి.

పెద్ద టైరు వేసుకున్నవారికి ఇది తెలియాలి. కంపెనీ విడిచిపెట్టిన ఆ వెసులుబాటును పెద్ద టైరు తినేస్తుంది. మీటరు ఇప్పుడు సరిగ్గా చూపిస్తోందని వారు సంబరపడతారు. ఇంకొంచెం పెద్దది వేస్తే మీటరు 80 చూపిస్తుండగా బండి 80 దాటి పోతుంది, రోడ్డు పక్కన వేగం కొలిచే కెమెరా దాన్నే పట్టుకుంటుంది.

నార్కట్‌పల్లి బైపాస్ (నార్కట్‌పల్లి)

మీటరు సంగతి సరే, పానగల్లు గారి బండిలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది స్టెప్నీ. దాని వ్యాసం 619.6, మిగతావాటిది 634.5. స్విఫ్ట్‌కు ముందు చక్రాలు లాగుతాయి. ముందు ఒక పక్క స్టెప్నీ, మరొక పక్క పెద్ద టైరు ఉంటే, తిన్నగా పోతున్నప్పుడు కూడా కిలోమీటరుకు పన్నెండు చుట్ల తేడాను గేరుబాక్సులోని డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఎడతెరిపి లేకుండా సర్దుకుంటూ ఉండాలి. పంక్చరు దుకాణం దాకా పోవడానికి పరవాలేదు. ఆ స్టెప్నీతోనే హైదరాబాదు పోయి వద్దామనుకుంటే మాత్రం తప్పు.

ముందు టైరు పంక్చరైతే వెనుక నుంచి ఒక మంచి టైరు తీసి ముందుకు వేసి, స్టెప్నీని వెనుక వేయండి. జాకీ రెండుసార్లు ఎత్తాలి, శ్రమే, కానీ లాగే చక్రాలు రెండూ ఒక ఎత్తులో ఉంటాయి. స్టెప్నీ ఉన్నంతసేపు మెల్లగా నడపండి.

కొత్తగా వేసుకునేది 185/65 ఆర్15 అయితే ఈ తలనొప్పి ఉండదు. స్టెప్నీ 619.6, టైర్లు 621.5. రెండు మిల్లీమీటర్లు కొంత అరుగుదలకే ఇటు అటు అవుతాయి. టైరు మీద సైజు తరువాత ఉండే బరువు సంకేతం కూడా చూసుకోండి. 88 అంటే టైరు ఒక్కింటికి 560 కిలోలు, 85 అంటే 515 కిలోలు. స్టిక్కరు మీదున్న అంకె కంటే తక్కువది ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. దాని పక్కనున్న హెచ్ అక్షరం 210 కిలోమీటర్ల వేగం వరకు, టి 190 వరకు.

కృష్ణ ఒడ్డు (గద్వాల)

గురువుగారి సూత్రాన్ని తిప్పి రాసి చూశాను. 619.6 వ్యాసం మారకూడదని పట్టుబట్టి, రిమ్ము, వెడల్పు మనం ఎంచుకుంటే శాతం ఎంత రావాలన్నది లెక్క. 619.6 నుంచి రిమ్ము తీసివేసి, సగం చేసి, వెడల్పుతో భాగించాలి.

15 అంగుళాల రిమ్ముకు గోడ 119.3 మిల్లీమీటర్లు రావాలి. 185 వెడల్పుకు అది 64.5 శాతం, 195కు 61.2 శాతం, 205కు 58.2 శాతం. టైర్లు అయిదేసి శాతం మెట్లలో దొరుకుతాయి కాబట్టి వరుసగా 65, 60, 60 అవుతాయి. 16 అంగుళాల రిమ్ముకు గోడ 106.6 రావాలి. 195 వెడల్పుకు 54.7 శాతం, అంటే 195/55 ఆర్16, దాని వ్యాసం 620.9. 17 అంగుళాలకు గోడ 93.9 రావాలి. 205 వెడల్పుకు 45.8 శాతం, అంటే 205/45 ఆర్17, వ్యాసం 616.3.

ఇవన్నీ వ్యాసంలో ఒక్క 205/60 ఆర్15 తప్ప ఒక శాతం లోపలే ఉన్నాయి. అది మాత్రం 627, అంటే 1.2 శాతం ఎక్కువ. నాకు అర్థం కానిదల్లా, వెడల్పు, గోడ మిల్లీమీటర్లలో రాసి రిమ్మును మాత్రం అంగుళాలలో ఎందుకు వదిలేశారన్నది.

పాలమూరు లెక్కలు (మహబూబ్‌నగర్)

చక్కగా చేశావమ్మా. రిమ్ములు అంగుళాల కాలంలోనే స్థిరపడిపోయాయి, ప్రపంచమంతటా రిమ్ములు చేసే అచ్చులు ఆ కొలతలకే ఉన్నాయి. టైరు కొలతలు తరువాత మిల్లీమీటర్లకు మారాయి. రిమ్మును కూడా మార్చాలన్న ప్రయత్నం జరగకపోలేదు. మిషెలిన్ 1975లో టీఆర్‌ఎక్స్ పేరుతో 390 వంటి మిల్లీమీటరు కొలతల రిమ్ములు, వాటికి సరిపోయే టైర్లు తెచ్చింది. మామూలు టైర్లు వాటికి ఎక్కవు, ఆ టైర్లు మామూలు రిమ్ములకు ఎక్కవు. అవి నిలవలేదు.

నీ జాబితాలో 17 అంగుళాల టైరు గురించి ఒక మాట చెప్పాలి. వ్యాసం సరిపోయినంత మాత్రాన మన రోడ్లకు అది సరిపోదు. దాని గోడ తొమ్మిది సెంటీమీటర్లే, కంపెనీ టైరు గోడ పదమూడు. వానాకాలంలో నీళ్లు నిండిన గుంతలో చక్రం దిగినప్పుడు దెబ్బను తీసుకునేది ఆ గోడే. అది పొట్టిదైతే దెబ్బ రిమ్ముకు తగులుతుంది.

మూసీ ఆయకట్టు (సూర్యాపేట)

కార్ల మధ్యలో ట్రాక్టరు గురించి అడుగుతున్నందుకు మన్నించండి, లెక్క ఒకటే కనుక అడుగుతున్నాను. మా ట్రాక్టరు వెనుక టైరు మీద 13.6–28 అని మాత్రమే ఉంది. శాతం ఎక్కడా లేదు. దీని వ్యాసం ఎలా తీయాలి?

నార్కట్‌పల్లి బైపాస్ (నార్కట్‌పల్లి)

ఇక్కడ రెండూ అంగుళాలే. 13.6 వెడల్పు, 28 రిమ్ము. శాతం రాయని ట్రాక్టరు టైర్లకు గోడ సుమారు 85 శాతం ఉంటుందని తీసుకోవాలి. ఇదే టైరుకు రేడియల్ రకంలో కొత్త పద్ధతి పేరు 340/85 ఆర్28. లెక్క వేస్తే 340ని 1.7తో హెచ్చించి 578, రిమ్ము 711.2, మొత్తం 1,289 మిల్లీమీటర్లు. పాత పద్ధతి టైరు దీనికంటే కొంచెం ఎత్తుగా ఉంటుంది, గాడుల లోతును బట్టి కంపెనీకీ కంపెనీకీ మారుతుంది. అందుచేత ట్రాక్టరుకు మాత్రం కంపెనీ పుస్తకంలో అచ్చువేసిన వ్యాసాన్నే తీసుకోండి.

మీది నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టరైతే ఇది మరీ ముఖ్యం. ముందు టైరు, వెనుక టైరు వ్యాసాల నిష్పత్తికి సరిపోయేలా గేర్లు అమర్చి ఉంటాయి. ఒక జత మాత్రమే వేరే సైజుకు మార్చి, ముందు ఇరుసు కలిపి గట్టి రోడ్డు మీద నడిపితే గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడి దెబ్బతింటాయి.

చిన్న సరుకు బండ్ల మీద 145 ఆర్12 అని శాతం లేకుండా ఉండేది కూడా ఇటువంటిదే. అక్కడ 82 శాతం తీసుకోవాలి. గోడ 118.9, వ్యాసం సుమారు 542.6.

మూసీ ఆయకట్టు (సూర్యాపేట)

రెండు చక్రాలు లాగేదే. ఇంట్లో స్కూటరు మీద 90/100–10 అని ఉంది. శాతం వంద అంటే గోడ వెడల్పుతో సమానం, 90కి 90. రెండు గోడలు 180, రిమ్ము 254, మొత్తం 434. సరిపోయిందా?

పాలమూరు లెక్కలు (మహబూబ్‌నగర్)

సరిపోయింది.

పానగల్లు (నల్లగొండ)

185/65 ఆర్15 88హెచ్ ఖాయం చేసుకున్నాను. దుకాణం వారు ఒక జత టైర్లు ఒక ఏడాదివి, మరొక జత ఇంకొక ఏడాదివి చూపిస్తున్నారు. గోడ మీద గుండ్రటి చట్రంలో ఉండే నాలుగంకెల సంఖ్య తయారీ తేదీ అని విన్నాను, అది వ్యాసం లెక్కలోకి ఏమైనా వస్తుందా?

నార్కట్‌పల్లి బైపాస్ (నార్కట్‌పల్లి)

వ్యాసం లెక్కలోకి రాదు. ఆ నాలుగంకెలలో మొదటి రెండు ఏడాదిలో ఎన్నో వారమో, చివరి రెండు ఏ సంవత్సరమో చెబుతాయి. 2423 అంటే 2023లో 24వ వారం. నాలుగూ ఒకే ఏడాదివి, ఒకే కంపెనీవి, ఒకే నమూనావి అడగండి. ఒకే సైజు రాసి ఉన్నా రెండు కంపెనీల టైర్లు పక్కపక్కన నిలబెడితే వ్యాసంలో కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కనీసం ముందు రెండింటికైనా ఆ తేడా ఉండకూడదు. బిగించిన తరువాత అలైన్‌మెంటు చేయించుకుని, స్టీరింగు రెండు పక్కలా తిప్పి ఆ కుడి కవరును మళ్లీ ఒకసారి చూసుకోండి.